లింకులు: అందరికీ అందేలా, ముందే తెలిసేలా

1. లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- దివ్యాంగులు వెబ్ పేజీలోని లింకులను ఏయే పద్ధతుల్లో వాడతారో వివరించగలుగుతారు.
- గమ్యాన్ని స్పష్టంగా చెప్పే లింకు పాఠ్యాన్ని రాయగలుగుతారు.
- వాడేవారిని తికమకపెట్టే లింకులను గుర్తించి సరిచేయగలుగుతారు.
- ఇందుకు సంబంధించిన ప్రమాణాలను, చట్టాలను పేర్కొనగలుగుతారు.

2. ఉపోద్ఘాతం

తిరుమల శ్రీవారి దర్శనానికి 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ టికెట్లను, వృద్ధులకూ దివ్యాంగులకూ కేటాయించిన దర్శన టోకెన్లను, వసతి గదులను తిరుమల తిరుపతి దేవస్థానం ఆన్‌లైన్‌లో ఇస్తోంది. కోటా విడుదలైన కొద్దిసేపటికే చాలా టికెట్లు అయిపోతాయి. అలాంటప్పుడు ఏ లింకు ఎక్కడికి తీసుకెళుతుందో వెతుక్కుంటూ కూర్చునే వ్యవధి ఎవరికీ ఉండదు.

దర్శనం టికెట్లే కాదు, కళాశాల ప్రవేశాలు, హాల్ టికెట్లు, పరీక్ష ఫలితాలు కూడా ఇప్పుడు వెబ్‌సైట్లలోనే దొరుకుతున్నాయి. కుప్పంలోనో పలమనేరులోనో ఉన్న విద్యార్థికి తిరుపతి దాకా బస్సు ప్రయాణం తప్పుతోంది. నడవలేనివారికీ చూపు లేనివారికీ ఈ మేలు మరింత పెద్దది. కానీ పేజీలోని లింకులు అర్థం కాకపోతే వారు నెట్ సెంటర్‌కు వెళ్ళి, తమ ఆధార్ నంబరును, పాస్‌వర్డ్‌ను వేరొకరి చేతిలో పెట్టవలసి వస్తుంది. కనుక లింకును సరిగా రాయడమంటే, తన పని తాను చేసుకునే వీలును ఒక మనిషికి కల్పించడమే.

ఈ పాఠమంతటికీ మూలసూత్రం ఒక్కటే: లింకు ఎక్కడికి తీసుకెళుతుందో దాని మాటలే చెప్పాలి, నొక్కిన తరువాత సరిగ్గా అక్కడికే తీసుకెళ్ళాలి.

3. లింకును ఎవరు ఎలా వాడతారు?

చూపు లేనివారు స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ సాయంతో పేజీని వింటారు. కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ, ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఇందుకు ఉపయోగపడతాయి. ఎన్‌వీడీఏ ఉచితంగా దొరుకుతుంది. తెలుగు కూడా చదువుతుంది. వీరు పేజీని మొదటి నుంచి చివరి వరకు వినరు. ఇన్‌సర్ట్, ఎఫ్7 కీలు కలిపి నొక్కితే పేజీలోని లింకులన్నీ ఒక జాబితాగా వస్తాయి. ఆ జాబితాలో ‘ఇక్కడ క్లిక్ చేయండి’ అని పదిసార్లు వినబడితే ఏది ఫీజుకు, ఏది ఫలితాలకు సంబంధించినదో తెలిసే దారి లేదు.

చూపు తక్కువగా ఉన్నవారు తెరను బాగా పెద్దదిగా చేసుకుంటారు. ఒకసారికి పేజీలో చిన్న ముక్కే కనబడుతుంది కాబట్టి లింకుకు ముందున్న వాక్యం తెర బయటే ఉండిపోవచ్చు. చేతులు వణికేవారు, మౌస్ పట్టుకోలేనివారు ట్యాబ్ కీతో ఒక్కొక్క లింకును దాటుతూ వెళతారు. కొందరు లింకు పేరును నోటితో పలికి తెరుస్తారు. నేర్చుకోవడంలో, గుర్తుంచుకోవడంలో ఇబ్బంది ఉన్నవారిని పేజీలో హఠాత్తుగా జరిగే మార్పులు గందరగోళపరుస్తాయి.

4. లింకు పాఠ్యం రాయడం

ఒక కళాశాల పేజీలోని వాక్యాలను ఊహించండి:

సవరించక ముందు: ‘బీఏ ప్రవేశాల నోటిఫికేషన్ కోసం ఇక్కడ క్లిక్ చేయండి. ఫీజు వివరాల కోసం ఇక్కడ క్లిక్ చేయండి.’ ఇందులో ‘ఇక్కడ’ అన్న మాటే లింకు.

సవరించిన తరువాత: ‘బీఏ ప్రవేశాల నోటిఫికేషన్, పీడీఎఫ్, 2 ఎంబీ’, ‘బీఏ ఫీజు వివరాలు’. ఇక్కడ మొత్తం పదబంధమే లింకు.

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. కావలసిన సమాచారం ముందే వచ్చేస్తుంది. ‘కోసం ఇక్కడ క్లిక్ చేయండి’ అన్నది తోక మాత్రమే. ఆ తోకను తీసేసి, ముందున్న పదబంధాన్ని లింకు చేస్తే చాలు. తెలుగు పేజీలలో మరికొన్ని జాగ్రత్తలు అవసరం:

- ప్రత్యయాన్ని విడదీయకూడదు. ‘చిత్తూరులోని పరీక్షా కేంద్రాలు’ అనే చోట ‘చిత్తూరు’ వరకే లింకు పెడితే స్క్రీన్ రీడర్ మాటను రెండుగా విరిచి చదివే అవకాశం ఉంది. పదబంధం మొత్తాన్ని లింకు చేయాలి.
- పేజీ భాష తెలుగు అని హెచ్‌టీఎంఎల్ కోడ్‌లో సూచించాలి. లేకపోతే స్క్రీన్ రీడర్ తెలుగు అక్షరాలను ఇంగ్లీషు గొంతుతో చదవబోయి వదిలేయవచ్చు.
- తెలుగు పాఠ్యం యూనికోడ్‌లో ఉండాలి. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన మాట కంటికి తెలుగులా కనిపించినా స్క్రీన్ రీడర్‌కు అర్థంలేని అక్షరాల గుంపే.
- బొమ్మనే లింకుగా పెడితే, దానికి ప్రత్యామ్నాయ పాఠ్యం ఇవ్వాలి. ఆ పాఠ్యం బొమ్మ ఎలా ఉందో కాక, లింకు ఎక్కడికి వెళుతుందో చెప్పాలి.
- ఒకే గమ్యానికి అన్ని పేజీలలో ఒకే పేరు వాడాలి. ఒకచోట ‘హాల్ టికెట్’, మరోచోట ‘ప్రవేశ పత్రం’ అంటే రెండూ వేరని అనుకుంటారు.

5. ముందే తెలిసే నడవడి

లింకు మాటలు బాగున్నంత మాత్రాన సరిపోదు. అది ఎలా నడుచుకుంటుందో కూడా వాడేవారికి ముందే తెలియాలి.

అడగకుండా పేజీ మారకూడదు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి కొత్త జిల్లాగా ఏర్పడింది. జిల్లాల జాబితాలో తిరుపతిని ఎంచుకోవాలనుకునే వ్యక్తి కీబోర్డులోని బాణం కీతో కిందికి దిగుతుంటే దారిలో ‘చిత్తూరు’ తగులుతుంది. ఆ పేరు తగలగానే పేజీ చిత్తూరు జిల్లా సమాచారానికి మారిపోతే, ఆ వ్యక్తి తిరుపతిని ఎప్పటికీ చేరలేడు. మౌస్ వాడేవారికి ఈ లోపం కనబడనే కనబడదు. జాబితా పక్కన ‘చూపించు’ అనే బటన్ పెట్టి, దాన్ని నొక్కినప్పుడే పేజీ మారేలా చేయాలి.

కొత్త ట్యాబ్ తెరుచుకుంటే ముందే చెప్పాలి. కొత్త ట్యాబ్‌లో ‘వెనుకకు’ బటన్ పనిచేయదు. తెరను చూడలేని వ్యక్తికి తాను ఎక్కడున్నదీ తెలియదు. వీలైనంతవరకు అదే ట్యాబ్‌లో తెరవండి. తప్పనిసరైతే లింకులోనే ‘కొత్త ట్యాబ్‌లో’ అని రాయండి.

వేరే వెబ్‌సైట్‌కు పంపుతున్నప్పుడు దాని పేరు చెప్పాలి. దర్శనం టికెట్ల పేరుతో మోసం చేసే నకిలీ వెబ్‌సైట్ల గురించి దేవస్థానం భక్తులను పలుమార్లు హెచ్చరించింది. చూపున్నవారు రంగులు, ముద్రలు, చిరునామా చూసి కొంత అనుమానించగలరు. వినేవారికి లింకు మాటలే ప్రధానమైన ఆధారం. చెల్లింపు కోసం బ్యాంకు పేజీకి వెళుతుంటే ఆ సంగతి లింకులోనే ఉండాలి.

లింకు, బటన్ వేరువేరు. లింకు ఒకచోటికి తీసుకెళుతుంది. బటన్ ఒక పని చేస్తుంది. ‘దరఖాస్తు రద్దు చేయి’ అనేది బటన్‌గానే ఉండాలి.

6. కనబడటం, అందుకోవడం

లింకును రంగుతో మాత్రమే వేరుచేస్తే రంగులను గుర్తించలేనివారికి అది మామూలు వాక్యమే. కింద గీత ఉంచండి. ట్యాబ్ కీ నొక్కినప్పుడు ప్రస్తుతం ఏ లింకు మీద ఉన్నామో తెలిపే చట్రాన్ని అందం కోసం తొలగించకండి. పక్కపక్కనే ఇరుకుగా ఉన్న చిన్న లింకులను వణికే వేలు సరిగా తాకలేదు. పేజీ మొదట్లో ‘ప్రధాన విషయానికి వెళ్ళండి’ అనే లింకు ఉంటే, కీబోర్డు వాడేవారు ప్రతిసారీ మెనూ అంతా దాటనక్కరలేదు.

7. ప్రమాణాలు, చట్టాలు

డబ్ల్యూ3సీ సంస్థ రూపొందించిన డబ్ల్యూసీఏజీ అనేది వెబ్ సౌలభ్యానికి అంతర్జాతీయ ప్రమాణం. దీని 2.0 రూపం 2008లో, 2.2 రూపం 2023లో వెలువడ్డాయి. ఇందులో 2.4.4 నియమం లింకు ఉద్దేశం స్పష్టంగా ఉండాలని, 3.2.1, 3.2.2 నియమాలు హఠాత్తు మార్పులు ఉండరాదని, 2.5.8 నియమం తాకే చోటు కనీసం 24 పిక్సెళ్ళ పొడవు, వెడల్పు ఉండాలని చెబుతాయి. చివరి నియమానికి కొన్ని మినహాయింపులున్నాయి.

మన దేశంలో ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు 2009లో మొదలై, 2023లో మూడో రూపం పొందాయి. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 42వ సెక్షన్ సమాచార సాంకేతిక సౌలభ్యం గురించి చెబుతుంది. డిజిటల్ సేవల అందుబాటు రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు ఇచ్చింది.

8. సారాంశం

లింకు మాటలు విడిగా విన్నా గమ్యం తెలియాలి. లింకు నొక్కక ముందు ఏమీ మారకూడదు. నొక్కాక చెప్పినదే జరగాలి. రంగు ఒక్కదాని మీదే ఆధారపడకూడదు. ఈ మార్పులలో చాలావాటికి ఖర్చు లేదు. రాసే ముందు ఒక్క క్షణం ఆలోచిస్తే చాలు.

9. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ‘ఇక్కడ క్లిక్ చేయండి’ అనే లింకు స్క్రీన్ రీడర్ వాడేవారికి ఎందుకు ఇబ్బందికరం?
2. లింకుకూ బటన్‌కూ తేడాను మీ సొంత ఉదాహరణతో వివరించండి.
3. అభ్యాసం: మీరు తరచూ వాడే ఒక వెబ్‌సైట్‌ను మౌస్ లేకుండా, ట్యాబ్ కీతో మాత్రమే వాడి చూడండి. తరువాత ఫోన్‌లో టాక్‌బ్యాక్ పెట్టి, కళ్ళు మూసుకుని అదే పేజీలోని లింకులను వినండి. గమ్యం అర్థం కాని మూడు లింకులను రాసుకుని, వాటిని సవరించి రాయండి.