చప్పట్లు ఎప్పుడు కొట్టాలి?

మేముండేది దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ప్రాంతంలో. ప్రయాణికుల విమానాలు 2014లో హమద్ ఎయిర్‌పోర్టుకి తరలిపోయినా ఇక్కడ పేరు మాత్రం మిగిలిపోయింది. మెట్రో స్టేషన్‌కీ అరబ్బీలో అదే పేరు, అల్ మతార్ అల్ ఖదీమ్. అక్కడ రెడ్ లైన్ ఎక్కితే రైలు మారకుండా కతారాకి వెళ్ళొచ్చు. వయొలిన్ నేర్చుకుంటున్న మా అమ్మాయి పోరు పడలేక ఒకసారి అలాగే ఒక ఛాంబర్ ఆర్కెస్ట్రా కచేరీకి వెళ్ళాను.

మొదటి భాగం ఆగగానే గట్టిగా చప్పట్లు కొట్టాను. హాలంతా నిశ్శబ్దం! "ఇంకా అవలేదు నాన్నా" అంటూ మా అమ్మాయి తల దించుకుంది. తిరుగు రైల్లో "ఈసారి అమ్మతో వస్తా" అంది. ఆ మాట గుచ్చుకుని, నాలుగు విషయాలు తెలుసుకున్నాను. నాలాంటి వారికోసం ఇక్కడ రాస్తున్నాను.

ఛాంబర్ ఆర్కెస్ట్రా అంటే పెద్ద హంగామా లేని చిన్న వాద్యబృందం. కాన్‌చెర్టోలో సాధారణంగా ఒక ప్రధాన వాద్యం, దానికి జవాబు చెప్పే బృందం, మూడు భాగాలు ఉంటాయి: వేగం, నిదానం, మళ్ళీ వేగం. మధ్యలో బృందమంతా ఆగి, ప్రధాన వాద్యం ఒక్కటే విజృంభించే చోటుని కాడెన్జా అంటారు. పాతరోజుల్లో దాన్ని మన మనోధర్మంలాగే అప్పటికప్పుడు అల్లేవారు.

వినడానికి ఒక జత చెబుతాను. మొదటిది హైడన్ రాసిన సి మేజర్ చెల్లో కాన్‌చెర్టో. 1760ల నాటిది. దాదాపు రెండు వందల ఏళ్ళు కనబడకుండా పోయి, 1961లో ప్రాగ్‌లో దొరికింది! రెండోది స్ట్రావిన్‌స్కీ రాసిన 'డంబార్టన్ ఓక్స్'. 1938లో వాషింగ్టన్‌లో ఒక దంపతుల ముప్ఫయ్యో పెళ్ళిరోజు కోసం తయారైంది. పదిహేను మందే వాయిస్తారు. ఒకే ప్రధాన వాద్యం అంటూ లేదు, బాఖ్ పద్ధతిలో తలా కాస్త అందుకుంటారు. అచ్చు పాతదే, కానీ తాళం ఎక్కడ పడుతుందో అనుకున్నచోట పడదు.

దీన్నే నియోక్లాసికల్ అంటారు. మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే, జాషువా గారి 'గబ్బిలం' గుర్తు తెచ్చుకోండి. కాళిదాసు మేఘసందేశం నాటి పద్ధతి, పాత ఛందస్సు, లోపల మాత్రం 1941 నాటి మనిషి బాధ. పాత పాత్రలో కొత్త వంట అన్నమాట. రెండూ పక్కపక్కన వింటే ఏది నిలిచిందో, ఏది మారిందో చెవికే తెలుస్తుంది.

ఇక చప్పట్ల సంగతి. హైడన్‌లో భాగానికీ భాగానికీ మధ్య విరామం ఉంటుంది, కొట్టకూడదు. స్ట్రావిన్‌స్కీలో విరామమే లేదు, నాలాంటివాడికి భయం లేదు! అయితే పాతకాలంలో ఈ నియమం లేదండీ. 1778లో పారిస్‌లో తన సింఫనీ జరుగుతుండగా మధ్యలోనే జనం చప్పట్లు కొట్టారని మొజార్ట్ సంతోషంగా తండ్రికి ఉత్తరం రాశాడు.

ఆ సంగతి మా అమ్మాయికి చెప్పాను. కాసేపు ఆలోచించి, "మొజార్ట్ కచేరీకి వెళ్ళినప్పుడు నీ ఇష్టం నాన్నా. ఇక్కడ మాత్రం నేను కొట్టాకే కొట్టు" అంది.

వచ్చే కచేరీకి రెండు టిక్కెట్లు తీసుకున్నాం.