కబురు పంపేది దుకాణానికి, చేరేది ఎవరికి?
వివరాలు పొక్కితే బాధ్యత వర్తకునిదే అంటున్న చట్టం

తుంగతుర్తి: ఎరువుల దుకాణంలో యూరియా వచ్చిందా అని తెలుసుకోవాలంటే ఒకప్పుడు రైతు బజారుదాకా నడిచి రావలసి ఉండేది. ఇప్పుడు సెల్‌ఫోన్‌లో వాట్సాప్ కబురు పెడితే సరిపోతున్నది. ఆ కబురు వెంటనే ఆధార్ కార్డు ఫోటో, పట్టాదారు పాసు పుస్తకం ఫోటో కూడా వెళ్తున్నాయి. ప్రైవేటు బడికి పిల్లల వివరాలు, దవాఖానకు రోగం సంగతులు, చిట్టీల కంపెనీకి బ్యాంకు ఖాతా నంబరు ఇదే దారిలో పోతున్నాయి.

వ్యాపారం పెరిగిన కొద్దీ జవాబులు చెప్పే పనిని చాట్‌బాట్ అనే కంప్యూటర్ ఏర్పాటుకు అప్పగించడం రివాజవుతున్నది. అది సాధారణంగా దుకాణదారుని సొంతం కాదు. మరో కంపెనీ దానిని నడిపిస్తుంది. రైతు కబురు పంపేది తనకు తెలిసిన సేటుకు, అది నిలువ ఉండేది మొహం తెలియని వారి కంప్యూటర్‌లో. అక్కడినుంచి వివరాలు బయటికి పొక్కితే ఎవరిని అడగాలన్నదే ప్రశ్న.

దీనికి జవాబు 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఉన్నది. వ్యక్తిగత గోప్యత పౌరుని ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పిన తరువాత వచ్చిన చట్టమిది. దీని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. వ్యాపారులపై ముఖ్యమైన బాధ్యతలు ఆ తరువాత 18 నెలలకు, అంటే 2027 మే నెలలో అమలయ్యేలా గడువు పెట్టారు.

వివరాలు ఎందుకోసం, ఎలా వాడాలో నిర్ణయించే వ్యాపారే వాటికి జవాబుదారు. చాట్ ఏర్పాటు వేరే కంపెనీది అనో, తప్పు వారిది అనో తప్పించుకోవడానికి వీలు లేదు. ఇద్దరి మధ్య ఎటువంటి ఒప్పందం ఉన్నా ఈ బాధ్యత పోదు. అసలు ఒప్పందం లేకుండా ఇతరులకు ఆ పని అప్పగించరాదు. రక్షణ చర్యలు తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. అది గరిష్ఠ పరిమితి మాత్రమే. తప్పు తీవ్రతను బట్టి డేటా రక్షణ బోర్డు జరిమానా మొత్తాన్ని నిర్ణయిస్తుంది.

చట్టంలోనే ఒక మందుల దుకాణం ఉదాహరణ ఉన్నది. మందులు కొన్నవారు రసీదు ఫోనుకు పంపమని నంబరు ఇస్తే, దుకాణదారు ఆ రసీదు పంపడానికి దానిని వాడుకోవచ్చు. ఒక పనికి ఇచ్చిన నంబరు ఆ పనికే పరిమితం అన్నమాట. అనుమతి అడిగే నోటీసును తెలుగులో చదువుకునే వీలు కల్పించాలి. ఇచ్చిన అనుమతిని తిరిగి తీసుకోవడం కూడా ఇచ్చినంత సులువుగా ఉండాలి. 18 ఏళ్లలోపు పిల్లల వివరాలకు తల్లి లేదా తండ్రి అనుమతి కావాలి. కాగితంపై రాసిన ఉద్దెర ఖాతా పుస్తకానికి ఈ చట్టం వర్తించదు. అదే లెక్కను ఫోనులోకో, కంప్యూటర్‌లోకో ఎక్కిస్తే వర్తిస్తుంది.

ఇటువంటి పేచీ ఇతర దేశాల్లోనూ ఉన్నది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఫోను సంభాషణలను చాటుగా వినడాన్ని అరికట్టేందుకు 1967లో చేసిన చట్టాన్ని ఆధారం చేసుకుని, తమ చాట్ సంభాషణలను మూడో కంపెనీకి వినిపించారంటూ వినియోగదారులు వ్యాపార సంస్థలపై దావాలు వేశారు. అక్కడ ఒక్కో రాష్ట్రానిది ఒక్కో చట్టం. మన దగ్గర దేశమంతటికీ ఒకే చట్టం ఉండడం గ్రామీణులకు మేలే.

అయితే అడిగేవారు లేకపోతే చట్టం పుస్తకంలోనే ఉండిపోతుంది. యూరియా ఉన్నదా లేదా అని చెప్పడానికి పాసు పుస్తకం ఫోటో అవసరం లేదు. కబురు పంపే ముందు ఈ వివరం ఎందుకు, ఎవరి దగ్గర ఉంటుంది, పని ముగిశాక చెరిపేస్తారా అని అడగడానికి మొహమాటపడరాదు. ఓటీపీ ఎవరు అడిగినా చెప్పరాదు. ఖాతాలో సొమ్ము మాయమైతే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయాలి.