ఆకాశపటమును పొలముపటముతో సరిపుచ్చుట

చిలమత్తూరు వంటి మెట్టప్రాంతములలో వాన తప్పిన సంవత్సరమున పైరు ఎంత ఎండినదో తేల్చుటకు ఉపగ్రహపు ఫొటోలను కూడ చూచుచున్నారు. 2016లో కేంద్ర ప్రభుత్వము వెలువరించిన కరవు నిర్వహణ నియమావళిలో, ఉపగ్రహము ద్వారా కట్టిన పచ్చదనపు లెక్క కరవు సూచికలలో ఒకటిగా చేరినది. కావున ఆ పటము మీ చేనుమీదికి ఎట్లు వచ్చునో, దారిలో ఏ తప్పులు దొర్లగలవో రైతులును గ్రామాధికారులును తెలిసికొనుట అవసరము.

ఉపగ్రహపు ఫొటో నిజమునకు గళ్ళ కాగితము. ప్రతి గడిలో ఒక అంకె యుండును. ఆ గడి మేర నేలనుండి వచ్చిన వెలుగు ఎంతయో ఆ అంకె తెలుపును. 2016 డిసెంబరులో శ్రీహరికోటనుండి పంపిన రిసోర్స్‌శాట్-2ఎ లోని లిస్-3 కెమెరాకు గడి 23.5 మీటర్ల చదరము, అనగా సుమారు పదమూడున్నర సెంట్లు. ఐరోపావారి సెంటినెల్-2 కెమెరాకు చిన్న గడి 10 మీటర్లు, అనగా ఇంచుమించు రెండున్నర సెంట్లు. చదరముగా నున్న ఎకరము చేను ప్రక్క 64 మీటర్లకు లోపే. లిస్-3 గళ్ళు మీ గట్ల వెంబడి తిన్నగా సాగినను, అట్టి చేనిలో పూర్తిగా పడునవి నాలుగుకు మించవు. ఒక్కటే పడుటయు కలదు. తక్కినవన్నియు గట్టుమీదివి. వాటిలో పొరుగువారి పైరు కలిసియే యుండును.

ఉపగ్రహము సరిగా ఉత్తరదక్షిణములుగా పోదు, కొంచెము వాలుగా పోవును. క్రింద భూమియు తిరుగుచుండును. అందుచే పటము ఏటవాలుగా వచ్చును. దానిని త్రిప్పి, జరిపి, గ్రామపటముపై కూర్చవలెను. పాత గళ్ళను ఒక్కొక్కటే తీసి క్రొత్తచోట పెట్టబోయినచో, గొర్రులో విత్తనము తప్పిన సాలువలె నడుమ ఖాళీలు పడును. కొన్నిచోట్ల రెండేసి పడును. కనుక పనిని వెనుకనుండి మొదలుపెట్టుదురు. క్రొత్త పటములోని ప్రతి గడికి, అది పాత పటములో ఎక్కడిదో లెక్కించి అచ్చటి అంకెను తెచ్చుదురు. ఒక్క గడియు ఖాళీ పోదు. వరుసలో మొదటి గడి స్థానము కట్టినచో, ప్రక్కగడికి ఎప్పుడును అదే కొలత కూడిన చాలును, గొలుసు పట్టి కొలుచుచు పోయినట్లు. కోట్ల గళ్ళమీద ఈ ఆదా చిన్నది కాదు.

1980లో అమెరికాలో క్యాట్మల్, స్మిత్ అనువారు మొదట అడ్డవరుసలను, పిదప నిలువువరుసలను సవరించి పటమును మార్చు ఉపాయము చూపిరి. 1986లో పేత్ అను నతడు పటమును త్రిప్పుటను మూడు జరుపులుగా విడదీసెను: వరుసలు ప్రక్కకు, నిలువులు పైకి, మరల వరుసలు ప్రక్కకు. కాగితముల దొంతరను ప్రక్కకు నెట్టుట వంటిదే.

లెక్కించిన స్థానము సాధారణముగా పాతగడి నడుమ సరిగా పడదు. అప్పుడు ఏ అంకె వేయవలెను? దగ్గరి గడి అంకెనే తీసికొనుట ఒక పద్ధతి. చుట్టునున్న నాలుగు గళ్ళను దూరమునుబట్టి కలుపుట మరియొకటి. ఉదాహరణకు ప్రక్కప్రక్క గళ్ళలో 80, 120 ఉన్నవి. మన స్థానము మొదటిదానినుండి పావువంతు దూరము. 80లో ముప్పాతిక, 120లో పాతిక కలిపిన 90 వచ్చును. క్రింది వరుసలో 60, 100 ఉన్నచో 70 వచ్చును. రెండు వరుసలకు నట్టనడుమనైన 80 వేయుదురు. పదునారు గళ్ళు కలుపు పద్ధతియు కలదు. అది చూపునకు నునుపుగా నుండును గాని, లేని హెచ్చుతగ్గులను గట్టులవద్ద పుట్టించగలదు.

వెలుగు అంకెలను కలుపవచ్చును. పంటపేరుకు గుర్తుగా వేసిన అంకెలను మాత్రము ఎన్నడును కలుపరాదు. వేరుశనగకు 1, కందికి 2, రాగికి 3 అని గుర్తులు పెట్టినారనుకొనుడు. వేరుశనగ చేనికి, రాగి చేనికి నడుమ 1, 3 కలిపి సగము చేసిన 2 వచ్చును. గట్టు పొడుగునా కంది మొలచును! మన వేరుశనగలో కంది సాళ్ళు వేయుట వాడుకయే గనుక, పటము చూచువారికి ఆ తప్పు తప్పుగా తోచదు. అందువలన పంటల పటమునకు దగ్గరి గడి పద్ధతియే వాడవలెను. అదియు గడిలో సగమువరకు, అనగా లిస్-3 లో పండ్రెండు మీటర్లవరకు, ప్రక్కకు జరుపవచ్చును. సన్నని పట్టీచేలకు ఇది పెద్ద మాట.

పటమును చిన్నది చేయునపుడు నడుమ గళ్ళను ఊరక వదలివేసిన చిన్న కుంటలు, చెలకలు మాయమగును. నాలుగేసి గళ్ళ సగటు తీసి, సగము, పావు, అరపావు పటములను ముందే సిద్ధము చేసి దాచుకొందురు. ఇవన్నియు కలిపినను అసలు పటమునకు పట్టు చోటులో మూడవవంతుకు మించి పట్టదు. పెద్దది చేయుటలో ఇంత లాభము లేదు. ఎంత నునుపుగా పెంచినను ఉపగ్రహము చూడని గట్టు కనబడదు. అట్లు పెంచిన పటము చూపి సరిహద్దు తగాదా తీర్చబూనుట సరికాదు. దానికి సర్వే కొలతలే శరణ్యము.

నష్టపు లెక్క మీ చేనికి తగినట్లు లేదని తోచినచో అర్జీలో ఈ సంగతులు అడుగవచ్చును: ఫొటో ఏ తేదీది, అసలు గడి ఎన్ని మీటర్లు, ఏ పద్ధతిన మార్చిరి, గట్టుగళ్ళను విడచి లోపలి గళ్ళనుండి మాత్రమే అంకె తీసిరా లేదా. ఈ-పంటలో వ్రాయించిన పంటపేరు, సర్వే నంబరు ప్రతిని అర్జీకి జతపరచుడు.