ఆటనాటి పచ్చళ్ళు

లీసెస్టరులో ఆట ఉన్న రోజును గుర్తుపట్టడం కష్టం కాదు. కింగ్ పవర్ స్టేడియం వైపు నీలి చొక్కాలు బారులు తీరి నడుస్తుంటాయి. వెల్ఫోర్డ్ రోడ్డులో రగ్బీ అయితే ఆకుపచ్చ, ఎరుపు, తెలుపు చారలు కనిపిస్తాయి. టిక్కెట్టు దొరకనివాళ్ళు ఎవరో ఒకరి ఇంట్లో టీవీ ముందు చేరతారు. అప్పుడు బల్ల మీదికి మొదట వచ్చేవి క్రిస్ప్స్.

వాటికీ ఈ ఊరికీ సంబంధం ఉంది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత కూడా బ్రిటనులో మాంసానికి రేషను ఉండేది. లీసెస్టరులో వాకర్స్ అనే మాంసం వ్యాపారులకు అమ్మడానికి సరుకు చాలలేదు. 1948లో వారు బంగాళాదుంపలను పలుచగా తరిగి, వేయించి, ఉప్పు చల్లి అమ్మసాగారు.

క్రిస్ప్స్‌తో పాటు పెట్టుకునేదాన్ని ఇంగ్లీషులో 'డిప్' అంటారు, అంటే ముంచుకునేది. మనకు నంజుకోవడం అనే చక్కని మాట ఉంది. నంజుకోవడానికి పచ్చళ్ళను మించినవి ఏమున్నాయి?

పెరుగు పచ్చడి అన్నిటికన్నా సులువు. అయితే కాసేపటికి అది నీళ్ళు నీళ్ళుగా అవుతుంది. ఎందుకో గమనించారా? ఉప్పు తగలగానే దోసకాయ ముక్కలలోని నీరు బయటికి వస్తుంది. అందుకని పెరుగును పలుచని గుడ్డలో మూటకట్టి, ఫ్రిజ్‌లో గిన్నె మీద రెండు గంటలు వేలాడదీయండి. నీరు దిగిపోయి పెరుగు గట్టిపడుతుంది. కీరదోస కోరును గట్టిగా పిండి, క్యారట్ కోరుతో కలపండి. ఉప్పు చివరన వేయండి. పోపు మాత్రం పెద్దవాళ్ళ చేత పెట్టించండి. ఆవగింజలోని తేమ వేడికి ఆవిరై పైపొట్టును పగలగొడుతుంది. ఆ చిటపటలో నూనె కంట్లో పడవచ్చు.

కాల్చిన వంకాయ పచ్చడి మీకు తెలిసిందే. దానికి అరబ్బు దేశాలలో ఒక చుట్టం ఉంది, బాబా గనూష్ అని. హమ్మస్ కూడా అటువైపుదే. అరబ్బీలో ఆ మాటకు శనగలు అని అర్థం. ఉడికించిన కాబూలీ శనగలు, నువ్వుల ముద్ద, వెల్లుల్లి, నిమ్మరసం కలిపి రుబ్బితే హమ్మస్. మన రోటి పచ్చళ్ళ వరసలో దాన్ని కూర్చోబెడితే ఎవరూ కాదనరు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. పల్లీ పచ్చడి రుచిగా ఉంటుంది, నిజమే. కాని మీ స్నేహితులలో ఒకరికి పల్లీ పడకపోవచ్చు. అలాంటివారికి కొంచెం తగిలినా పెదవులు వాచి, ఊపిరి అందక ప్రాణం మీదికి రావచ్చు. అప్పుడు వారి దగ్గరి అడ్రినలిన్ సూదిమందు వెంటనే వాడి, 999కు ఫోను చేయాలి. బ్రిటనులో ఆహారంలో ఉంటే తప్పక తెలపవలసిన పదార్థాలు 14 ఉన్నాయి. పల్లీ, నువ్వులు, ఆవాలు, పాలు, గోధుమ వాటిలోవే. అంటే మన వంటింట్లో సగం! ఇంగువ పొడిలో గోధుమ పిండి కలుస్తుందని చాలామందికి తెలియదు. పొట్లం మీది చిన్న అక్షరాలు చదవండి. పిలిచేటప్పుడే ఎవరికి ఏది పడదో అడగండి. పల్లీ పడనివారు వస్తుంటే ఆ రోజుకు పల్లీని వంటింట్లోకే రానివ్వకండి. అదే మిక్సీ జార్‌లో రుబ్బిన వేరే పచ్చడికీ అది అంటుకుంటుంది. బదులుగా పుట్నాల పప్పు పచ్చడి చేయవచ్చు, అదీ అడిగిన తరువాతే.

ఉప్పు తగ్గించి వేయండి, క్రిస్ప్స్‌లో ఎలాగూ ఉంది. పదకొండేళ్ళు దాటినవారికి రోజు మొత్తానికి 6 గ్రాములు, అంటే ఒక చెంచాడు, మించరాదని ఇక్కడి వైద్యుల సలహా. ఏడు నుంచి పదేళ్ళవారికి 5 గ్రాములే. ఆవకాయ ఏడాది నిలవడానికి ఉప్పు కావాలి, పూటకు తినే పచ్చడికి ఆ అవసరం లేదు. క్యారట్, కీరదోస ముక్కలు, కాల్చిన రొట్టె ముక్కలు కూడా పక్కన పెట్టండి.

ఫుట్‌బాల్‌లో విరామం పదిహేను నిమిషాలే. కాబట్టి వంకాయ, శనగల పచ్చళ్ళు ఉదయమే చేసి ఫ్రిజ్‌లో ఉంచుకోవచ్చు. పెరుగు పచ్చడి మాత్రం అందరూ వచ్చాకే కలపండి.