తెరచాపల కాలంలో బ్రిటిష్ నౌకాదళ అధికారుల పదోన్నతి: పలుకుబడి, ప్రతిభ, జ్యేష్ఠత

వ్యాససంగ్రహం:
తెరచాప ఓడల కాలంలో బ్రిటిష్ నౌకాదళ అధికారి జీవితం రెండు భిన్నమైన నియమాలకు లోబడి సాగింది. కెప్టెన్ హోదా వరకు ప్రతిభ, పలుకుబడి, అవకాశం కలిసి అతని గతిని నిర్ణయించాయి. ఆ తరువాత జ్యేష్ఠత ఒక్కటే నిర్ణయించింది. నెల్సన్, కాలింగ్‌వుడ్, ఫ్రాన్సిస్ ఆస్టెన్ తదితరుల జీవితాల ఆధారంగా ఈ వ్యవస్థ పనితీరును, దాని ప్రయోజనాలను, లోపాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: బ్రిటిష్ నౌకాదళం, తెరచాప ఓడలు, పదోన్నతి, జ్యేష్ఠత, పలుకుబడి, అర్ధవేతనం.

1. ఉపోద్ఘాతం

18వ శతాబ్దిలో బ్రిటిష్ సైన్యపు పదాతి, అశ్వికదళాలలో అధికార పదవులను డబ్బు చెల్లించి కొనుక్కొనే పద్ధతి ఉండేది. నౌకాదళంలో ఆ పద్ధతి లేదు. ఓడ నడపడం తెలియనివాడి చేతికి ఓడను అప్పగిస్తే, దానిని ముంచడానికి శత్రువు రానక్కరలేదు. గాలి, ఇసుకతిన్నె చాలు. అందువల్ల నౌకాదళం తన అధికారుల నుంచి ముందుగా పనితనాన్ని కోరింది. అయితే పనితనం ఉన్నవారందరికీ పదవి దక్కిందా అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానం పదోన్నతి నియమాలలో ఉంది.

2. ప్రవేశం, పరీక్ష

అధికారి కాదలచిన బాలుడు సాధారణంగా పన్నెండు, పదమూడేళ్ల వయసులో ఓడ ఎక్కేవాడు. ఓడలోని ప్రతి వందమందికి నలుగురు చొప్పున సేవకులను పెట్టుకొనే హక్కు కెప్టెన్‌కు ఉండేది. పేరుకు సేవకులైనా, వారిలో చాలామంది కెప్టెన్ బంధుమిత్రుల పిల్లలే. కనుక నౌకాదళంలో ప్రవేశం ప్రభుత్వం చేతిలో కంటె కెప్టెన్ల చేతిలోనే ఎక్కువగా ఉండేది. 1794లో ఈ సేవకుల పద్ధతిని తొలగించి, ‘మొదటి తరగతి వాలంటీర్లు’ అనే వర్గాన్ని ఏర్పరిచారు.

1677లో సామ్యూల్ పెపీస్ చొరవతో లెఫ్టినెంట్ పదవికి పరీక్ష ప్రారంభమైంది. నెపోలియన్ యుద్ధాల నాటికి అభ్యర్థి ఆరేళ్లు సముద్రంపై పనిచేసి ఉండాలి. అందులో రెండేళ్లు మిడ్‌షిప్‌మన్‌గానో మాస్టర్స్ మేట్‌గానో గడపాలి. అభ్యర్థి తన దినచర్య పుస్తకాలను, కెప్టెన్లు ఇచ్చిన యోగ్యతాపత్రాలను చూపి, దిక్కుల గణన గురించి, తెరచాపల నిర్వహణ గురించి అనుభవజ్ఞులైన కెప్టెన్లు అడిగే ప్రశ్నలకు నోటితో సమాధానం చెప్పాలి.

పరీక్షలో నెగ్గితే అర్హత మాత్రమే లభించేది, పదవి కాదు. ఏదో ఒక ఓడలో ఖాళీ ఏర్పడి, దానికి తన పేరును ఎవరైనా సూచించేవరకు అభ్యర్థి మిడ్‌షిప్‌మన్‌గానే మిగిలిపోయేవాడు. అలా ఏళ్లు గడిపినవారు ఎందరో ఉన్నారు.

3. పలుకుబడి

పేరును సూచించగల ఈ అండనే ఆనాటి నావికులు పలుకుబడిగా భావించారు. హొరేషియో నెల్సన్ 1777 ఏప్రిల్‌లో పరీక్షకు హాజరైనప్పుడు పరీక్షాధికారులలో ఒకరు అతని మేనమామ మారిస్ సక్లింగ్. ఆయన అప్పటికి నౌకాదళ కంప్ట్రోలర్. అభ్యర్థికి ఇరవై ఏళ్లు దాటాయని యోగ్యతాపత్రంలో ఉన్నా, నెల్సన్‌కు నిజంగా నిండినవి పద్ధెనిమిదే. మరునాడే అతడు లెఫ్టినెంట్ అయ్యాడు. 1779లో ఇరవయ్యేళ్లకే కెప్టెన్ హోదా పొందాడు.

కథబర్ట్ కాలింగ్‌వుడ్ నెల్సన్ కంటె పదేళ్లు పెద్ద. 1761లో నౌకాదళంలో చేరినా, అతడు లెఫ్టినెంట్ కావడానికి 1775 వరకు ఆగవలసివచ్చింది. తరువాత జమైకా స్టేషన్‌లో సర్ పీటర్ పార్కర్ ఆదరణ వీరిద్దరికీ లభించింది. నెల్సన్ ఒక ఓడను విడిచి పైకి వెళ్లిన ప్రతిసారీ ఆ స్థానంలోకి కాలింగ్‌వుడ్ వచ్చాడు. లోస్టాఫ్, బ్యాడ్జర్, హించిన్‌బ్రూక్ అనే మూడు ఓడలలోనూ ఇదే జరిగింది. కాలింగ్‌వుడ్ 1780లో కెప్టెన్ అయ్యాడు. ఈ కొద్దినెలల తేడా వల్ల వయసులో చిన్నవాడైన నెల్సన్ జీవితాంతం అతనికి పై అధికారిగా నిలిచాడు.

పలుకుబడి లేనివారికి దారి పూర్తిగా మూసుకుపోలేదు. వ్యవసాయ కూలీ కుమారుడైన జేమ్స్ కుక్ 1755లో సాధారణ నావికుడిగా చేరి, సముద్ర పటాల తయారీలో చూపిన నైపుణ్యంతో 1768లో లెఫ్టినెంట్, 1775లో పోస్ట్ కెప్టెన్ అయ్యాడు. అయితే లెఫ్టినెంట్ అయ్యేనాటికి అతనికి 39 ఏళ్లు. ఆ వయసుకు నెల్సన్ రియర్ అడ్మిరల్ అయ్యాడు.

4. దూరతీరాలలో అవకాశం

లండన్‌కు నెలల ప్రయాణదూరంలో ఉన్న స్టేషన్లలో అధికారి మరణిస్తే, ఆ ఖాళీని అక్కడి ప్రధాన సేనాధిపతే తాత్కాలికంగా నింపేవాడు. అడ్మిరాల్టీ తరువాత ధ్రువీకరించేది. అందువల్ల జ్వరాలకు పేరుపడిన వెస్టిండీస్, ఈస్టిండీస్ స్టేషన్లు ప్రాణభయాన్నీ పదోన్నతి ఆశనూ ఒకేసారి కలిగించేవి.

అధికారి ఓడలో లేని సమయంలో యుద్ధం వచ్చినా కింది అధికారికి పరీక్ష ఎదురయ్యేది. 1804 సెప్టెంబరులో విశాఖపట్నం తీరంలో లంగరు వేసి ఉన్న సెంచూరియన్ అనే 50 ఫిరంగుల ఓడపై ఫ్రెంచి అడ్మిరల్ లినోయి మూడు యుద్ధనౌకలతో దాడి చేశాడు. కెప్టెన్ జేమ్స్ లిండ్ అప్పుడు ఒడ్డున ఉన్నాడు. ఆయన పడవలో ఓడకు చేరేవరకు లెఫ్టినెంట్ జేమ్స్ రాబర్ట్ ఫిలిప్స్ యుద్ధాన్ని నడిపాడు. సెంచూరియన్ దెబ్బతిన్నా లొంగలేదు. యుద్ధసమయంలో ప్రతి లెఫ్టినెంట్ ఎదురుచూసేది ఇటువంటి ఘడియ కోసమే.

5. కెప్టెన్ తరువాత: జ్యేష్ఠత

లెఫ్టినెంట్‌కు పై మెట్టు కమాండర్. అతడు చిన్న యుద్ధనౌకలకు అధిపతి. ఇరవై, అంతకు మించి ఫిరంగులున్న ఓడకు అధిపతిగా నియమితుడైనవాడు పోస్ట్ కెప్టెన్. ఆ నియామకం నాడు అతని పేరు కెప్టెన్ల జాబితా అడుగున చేరేది. పైనున్నవారు మరణించేకొద్దీ, అడ్మిరల్స్ అయ్యేకొద్దీ అది పైకి జరిగేది. ఒకరిని దాటించి మరొకరిని అడ్మిరల్‌ను చేయడం కుదరదు. ప్రభుత్వం తనకు కావలసిన కెప్టెన్‌ను అడ్మిరల్ చేయదలిస్తే, అతనికి పైనున్నవారందరికీ హోదా పెంచాలి.

దీనికి మార్గాంతరంగా 1747లో ఒక ఏర్పాటు జరిగింది. అక్కరలేని సీనియర్ కెప్టెన్లకు ఏ నౌకాశ్రేణికీ చెందని రియర్ అడ్మిరల్ హోదానిచ్చి విశ్రాంతి కల్పించేవారు. నౌకాశ్రేణులకు నీలం, తెలుపు, ఎరుపు రంగులుండగా, ఏ రంగూ లేని వీరిని జనం ‘పసుపు అడ్మిరల్స్’ అని ఎగతాళి చేశారు.

జేన్ ఆస్టెన్ సోదరుడు ఫ్రాన్సిస్ ఆస్టెన్ జీవితం ఈ నియమానికి చక్కని ఉదాహరణ. 1798లో తండ్రి జార్జ్ ఆస్టెన్ అడ్మిరాల్టీ సభ్యుడైన గాంబియర్‌కు లేఖ రాయగా, ఆ ఏడాది చివర ఫ్రాన్సిస్ కమాండర్ అయ్యాడు. 1800లో పోస్ట్ కెప్టెన్ అయ్యాడు. అతని ఓడను మంచినీరు, సరుకుల కోసం పంపడంతో 1805 నాటి ట్రఫాల్గర్ యుద్ధం అతనికి దక్కలేదు. అయినా జాబితాలో పేరు ఆగలేదు. 1830లో రియర్ అడ్మిరల్, 1863లో 89వ ఏట అడ్మిరల్ ఆఫ్ ద ఫ్లీట్ అయ్యాడు. ట్రఫాల్గర్‌లో 47వ ఏట మరణించిన నెల్సన్ మాత్రం వైస్ అడ్మిరల్‌గానే మిగిలాడు.

6. హోదా వేరు, ఉద్యోగం వేరు

హోదా ఉన్నంత మాత్రాన ఓడ దక్కదు. ఓడ లేని అధికారికి అర్ధవేతనం మాత్రమే లభించేది. నెల్సన్ అంతటివాడు కూడా 1787 చివరి నుంచి 1793 జనవరి వరకు ఓడ లేకుండా గడిపాడు. ఈ వ్యవస్థ అసలు బలం ఇదే: హోదాను నియమం ఇచ్చేది, ఓడను అడ్మిరాల్టీ ఎంచి ఇచ్చేది. అసమర్థుడు అడ్మిరల్ కావచ్చు గాని, నౌకాశ్రేణి అతని చేతికి రావలసిన పని లేదు.

శాంతికాలంలో ఈ బలమే భారమైంది. 1813లో పార్లమెంటు నౌకాదళానికి 1,45,000 మందిని అనుమతించింది. 1817 నాటికి ఆ సంఖ్య 19,000కు పడిపోయింది. నావికులను ఇంటికి పంపివేశారు. అధికారుల పేర్లు మాత్రం జాబితాలో నిలిచిపోయాయి. మూడువేలకు పైగా ఉన్న లెఫ్టినెంట్లలో అధికసంఖ్యాకులకు మళ్లీ ఓడ దక్కలేదు. వయసును బట్టి తప్పనిసరి విరమణ 1870లో హ్యూ చిల్డర్స్ సంస్కరణలతో గాని స్థిరపడలేదు.

7. ముగింపు

- పరీక్ష అధికారులలో కనీస పనితనాన్ని నిలబెట్టింది. పలుకుబడి ఆ పనితనం గలవారిలో కొందరిని మాత్రమే ముందుకు తెచ్చింది.
- కెప్టెన్ హోదా దాటాక జ్యేష్ఠత అధికారిని రాజకీయపు ఒత్తిళ్ల నుంచి కాపాడింది. అదే సమయంలో యువ సమర్థులను వృద్ధుల వెనుక నిలబెట్టింది.
- యుద్ధం, వ్యాధి జాబితాను కదిలించినంతకాలం ఈ లోపం పైకి కనిపించలేదు. శాంతి వచ్చాక దాని మూల్యాన్ని అర్ధవేతనంతో ఒడ్డున మిగిలిపోయిన అధికారులు చెల్లించారు.