ఆరేండ్ల పన్ను

వర్ణోత్పత్తి స్థానములను బోధించునప్పుడు త, థ, ద, ధ, న లను దంత్యములని చెప్పని తెలుగు ఉపాధ్యాయుడుండడు. కాని ఆ దంతములను కాపాడుకొను విధమును చెప్పువారు అరుదు. నేనును చెప్పినవాడను కాను.

కొన్ని యేండ్ల క్రిందట నా తరగతిలో ఒక విద్యార్థి యుండెను. పద్యమును చక్కగా చదువగలవాడే. కాని చదువునప్పుడెల్ల నోటికి అరచేయి అడ్డము పెట్టుకొనెడివాడు. చాటుగా పిలిచి కారణమడిగితిని. దుర్వాసన వచ్చునేమోయని వాని భయము. క్రింది దవడలో ఒక పెద్ద పన్ను లేదు. దాని ప్రక్కది పుచ్చి నల్లబడియున్నది. "చిన్నప్పుడు అది పాలపన్నే గదా, ఊడి మళ్లీ వస్తుందని ఇంట్లోవాళ్లు ఊరుకున్నారండీ" అనెను.

ఈ పొరపాటు పెక్కిండ్ల జరుగునదే. పాలపండ్లు 20, స్థిరదంతములు 32. రమారమి 6 ఏండ్ల ప్రాయమున, పాలపండ్లకు వెనుక, ఏ పన్నును ఊడకుండగనే మొదటి స్థిరపు దవడపన్ను మొలచును. ఏదియు ఊడలేదు గనుక అదియు పాలపన్నే యని పెద్దలు భ్రమపడుదురు. అది పోయినచో మరల రాదు.

పంటిని పురుగు తొలుచునని మనవారి నమ్మిక. కంటికి కనబడు పురుగు లేదు గాని సూక్ష్మజీవులు కలవు. హాలండు దేశీయుడగు లీవెన్‌హుక్ 1683లో పంటి పాచిని సూక్ష్మదర్శినితో చూచి, అందు కదలాడు జీవులను వర్ణించెను. అవి తీపిని, పిండిపదార్థములను పులియబెట్టి ఆమ్లమును పుట్టించుననియు, అది పంటిని కరగించుననియు మిల్లర్ అను దంతవైద్యుడు 1890 నాటి తన గ్రంథమున వివరించెను. తీపి తిన్న కొద్ది నిమిషములకే ఆమ్లము పెరుగును; ఉమ్మినీరు దానిని అణచుటకు అరగంటయో, గంటయో పట్టును. కనుక ఎంత తింటిమనుటయే కాదు, ఎన్నిమారులు తింటిమనుటయు ముఖ్యము. భోజనముతో తిన్న బెల్లపుముక్క కంటె దినమెల్ల చప్పరించు పిప్పరమెంట్లు ఎక్కువ కీడు చేయును.

పాచి గట్టిపడి గార యగును. చిగుళ్లు వాచి తోమునప్పుడు నెత్తురు కనబడును. అది చూచి తోముట మానరాదు. మెత్తని కుంచెతో మరింత శ్రద్ధగా తోమవలెను, తగ్గనిచో వైద్యునికి చూపవలెను. వేప, కానుగ పుల్లలు మన పెద్దల వాడుక. మెత్తగా నమలి మెల్లగా తోమిన మేలే. ఇటుకపొడి, బొగ్గుపొడి పంటి పైపొరను అరగదీయును. ఉదయము అందరును తోముదురు; నిదురలో ఉమ్మినీరు తగ్గును గనుక రాత్రి తోముట అంతకంటె అవసరము.

ఫ్లోరైడు గల పేస్టు పంటిని గట్టిపరచును; చిన్నపిల్లలకు కొంచెమే చాలును, మ్రింగరాదు. అదియే త్రాగునీట మితిమీరిన పండ్లపై గోధుమవన్నె మచ్చలు పడును. ఇది నల్లగొండ, ప్రకాశం సీమలవారు ఎరిగిన బాధయే. ఆ మచ్చలు అశుభ్రత వలన వచ్చినవి కావు. అట్టి బాలురను తరగతిలో ఎవ్వరును పరిహసింపకుండ చూచుట మన ధర్మము.

నా విద్యార్థి రెండవ పంటిని వైద్యుడు పూడ్చి నిలిపెను. మొదటిది పోయినదే. ఉపాధ్యాయులారా, ఒకటవ తరగతిలో చేరిన బిడ్డను ఒక్కమారు నోరు తెరువుమనుడు. ఆ ఆరేండ్ల పన్ను అప్పుడప్పుడే తలయెత్తుచుండును. అది జీవితకాలపు పన్నని ఆ తల్లితో ఆనాడే చెప్పుడు.