మోటారు బిగించిన సైకిలు: చట్టమునకు లోపల, వెలుపల

సైకిలు త్రొక్కువాని శ్రమకు కొంత యంత్రబలమును తోడు చేయవలెనను కోరిక నేటిది కాదు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన మరుసటి యేడు, 1946లో, ఫ్రాన్సు దేశమున ముందుచక్రము మీద చిన్న ఇంజను గల వెలోసోలెక్స్ అను సైకిలు విపణిలోనికి వచ్చినది. ఆ యేడే జపానులో హోండా సోయిచిరో, సైన్యము వాడి విడిచిన చిన్న జనరేటరు ఇంజనులను సైకిళ్లకు బిగించి యమ్ముటతో తన వ్యాపారమునకు పునాది వేసినాడు. మన తెలుగుగడ్డ మీద తిరుపతిలో మోపెడ్స్ ఇండియా సంస్థ తయారు చేసిన సువేగయు, 1972లో వచ్చిన లూనాయు, 1980లో వచ్చిన టీవీఎస్ 50యు ఆ వంశమునకు చెందినవే. పాలక్యానులు మోసినవారు, చీరెల మూటలతో ఊరూర తిరిగినవారు, బడిపంతుళ్లు ఆ బండ్ల మీదనే ఒక తరము కాలమును గడపిరి.

అవి పెడళ్లు గల బండ్లే యైనను, కర్మాగారమున పుట్టి, పరీక్షలకు నిలిచి, ఇంజను నంబరుతోను ఛాసిస్ నంబరుతోను, రిజిస్ట్రేషనుకు వలసిన కాగితములన్నిటితోను యజమాని యింటికి వచ్చినవి. ఇప్పటి సంగతి వేరు. వెనుకచక్రపు నడుమ ఇమిడిపోవు హబ్ మోటారు, ఒక బ్యాటరీ, ఒక కంట్రోలరు, హ్యాండిలుకు తగిలించు యాక్సిలరేటరు కలిసిన కిట్టు నొకదానిని తెప్పించుకొని, వీధిచివరి సైకిలు షాపులో ఒక పూటలో బిగించుకొని, సాయంకాలమునకే రోడ్డెక్కుట సులభమైనది. పెట్రోలు వైపు మొగ్గువారికి ఫ్రేము త్రికోణములో కూర్చుండు రెండు స్ట్రోకుల ఇంజనులును దొరకుచున్నవి. బిగించుట యెంత సులభమో, బిగించిన పిమ్మట ఆ వస్తువు చట్టము దృష్టిలో ఏమైనదో తెలిసికొనుట అంత కష్టము. సామాన్యుడు దానిని సైకిలే యనుకొనుచున్నాడు. చట్టము అనేక సందర్భములలో దానిని మోటారు వాహనమనుచున్నది. ఈ రెంటి నడుమ గల యెడమున ఏదేని ప్రమాదము సంభవించెనేని, దాని భారము నడపినవాని మీదనే కాక, ఏ పాపము నెరుగని బాటసారి మీదను పడును.

1988 నాటి మోటారు వాహనముల చట్టము, రోడ్డు మీద వాడుటకు అనువుపరుపబడి యంత్రశక్తిచే నడచు ప్రతి వాహనమును మోటారు వాహనముగనే యెంచును. ఈ విశాలమైన నిర్వచనము నుండి అది విడిచిపెట్టినవి కొన్నియే: పట్టాల మీద నడచునవి, కర్మాగారముల ఆవరణలలో మాత్రమే వాడునవి, నాలుగింటికంటె తక్కువ చక్రములు గలిగి 25 సి.సి. మించని ఇంజను గలవి. కాబట్టి పెట్రోలు ఇంజను బిగించుకొనదలచినవానికి గీత 25 సి.సి. యొద్ద గీయబడినది. సైకిళ్లకని అమ్ముడగు రెండు స్ట్రోకుల కిట్లలో విరివిగా కనబడునవి 48 సి.సి., అంతకు మించినవి. అనగా ఆ సైకిలు రోడ్డెక్కిన క్షణముననే అది లూనా వంటి మోపెడే యగును. కాని లూనాకున్న కాగితములలో ఒక్కటియు దానికి లేదు.

విద్యుత్తు విషయమున గీత మరియొక చోట నున్నది. కేంద్ర మోటారు వాహనముల నియమావళిలో బ్యాటరీ వాహనమునకు నిర్వచనము చెప్పు నియమము, 2005లో సవరింపబడిన పిమ్మట, కొన్ని షరతులకు లోబడిన బండిని మోటారు వాహనముగ నెంచరాదని పలుకుచున్నది. మోటారు యొక్క ముప్పది నిమిషముల శక్తి 250 వాట్లకు తక్కువగ నుండవలెను. గరిష్ఠవేగము గంటకు 25 కిలోమీటర్లకు లోబడవలెను. పెడలు సాయముతో నడచు సైకిలైనచో, వేగము హెచ్చుకొలది మోటారు సాయము తగ్గుచు పోయి, 25 కిలోమీటర్ల యొద్ద గాని, త్రొక్కువాడు కాలు ఆపినప్పుడు గాని పూర్తిగ నిలిచిపోవలెను. తగిన బ్రేకులు, ముందు తెల్లని రిఫ్లెక్టరు, వెనుక ఎఱ్ఱని రిఫ్లెక్టరు ఉండవలెను. బ్యాటరీ గాక బండి బరువు 60 కిలోలకు మించరాదు. ముప్పది నిమిషముల శక్తి యనగా మోటారు ఆగక అరగంటసేపు ఇయ్యగల బలమే గాని, ఎత్తెక్కునప్పుడు క్షణకాలము చూపు బలము కాదు. అంగడివాడు పెట్టె మీద వ్రాయు వాట్ల సంఖ్య ఈ రెంటిలో ఏదియో అడిగి తెలిసికొనవలసినదే.

ఈ షరతులను చదివి, తన మోటారు 250 వాట్లలోపుదే కనుక తనకు చింత లేదని ఊరట చెందువారు, ఆ నియమపు తొలి వాక్యమును చదువక విడిచినవారు. ఈ షరతులు నెరవేరినవని, నియమావళిలోని 126వ నియమము పేర్కొన్న పరీక్షాసంస్థలలో నొకటి పరిశీలించి ధ్రువపరచినప్పుడే మినహాయింపు వర్తించునని ఆ వాక్యము చెప్పుచున్నది. పుణేలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ వంటివి ఆ సంస్థలు. వారు పరీక్షించునది తయారీదారు తెచ్చి నిలిపిన నమూనా బండిని. అది నెగ్గినచో ఆ నమూనాకు సరిపోలు బండ్లన్నిటికి ఆ ధ్రువపత్రము వర్తించును. మన సైకిలు షాపులో, మన పాత సైకిలుకు, మనము కొన్న కిట్టుతో తయారైన బండి యే నమూనాకును సరిపోలదు. ఒక్క సైకిలు కోసము పుణేకు పోయి పరీక్ష చేయించుకొను స్తోమత ఏ రైతుకు, ఏ విద్యార్థికి కలదు? షరతులన్నిటికి లోబడిన బండి కూడ, ధ్రువపత్రము లేని కారణమున మినహాయింపును గట్టిగ అడుగలేని స్థితిలో నుండుట నాకు మిక్కిలి బాధ కలిగించు విషయము.

అట్లైన రిజిస్ట్రేషను చేయించుకొందమని ఎవడైన నిజాయితీతో రవాణా శాఖ కార్యాలయమునకు పోయినచో, అచ్చట వానికి ఎదురగు చిక్కు మరింత జటిలమైనది. కొత్త బండి రిజిస్ట్రేషనుకు యజమాని దరఖాస్తు ఫారము 20తో పాటు, అమ్మినవారిచ్చు ఫారము 21, బండి రోడ్డు మీద నడచుటకు తగినదని తయారీదారు ఇచ్చు ఫారము 22, చెల్లుబడిలో నున్న ఇన్సూరెన్సు కాగితము జతపరుపవలెను. సైకిలు కంపెనీ తాను అమ్మినది సైకిలే కనుక ఫారము 22 ఇయ్యదు. కిట్టు అమ్మినవాడు తాను అమ్మినది విడిభాగములే కనుక ఇయ్యడు. ఇన్సూరెన్సు వారు పాలసీ వ్రాయుటకు ఇంజను నంబరును, ఛాసిస్ నంబరును, ఆమోదము పొందిన మోడలు పేరును అడుగుదురు. ఆర్‌టీఓ ఇన్సూరెన్సు నడుగును, ఇన్సూరెన్సు వారు ఆర్‌టీఓ గుర్తింపగల బండి నడుగుదురు, ఆ బండిని సృష్టించినవాడు రెండు ద్వారముల నడుమ నిలిచిపోవును. లోనికి పోవు తలుపును మూసి, వెలుపల నిలిచినందుకు జరిమానా విధించుట న్యాయమా యని అడుగు హక్కు వానికి కలదు.

జరిమానాలును స్వల్పములు కావు. 2019 సవరణ ప్రకారము, రిజిస్ట్రేషను లేని మోటారు వాహనమును నడపినచో మొదటిసారి 2,000 నుండి 5,000 రూపాయల వరకు, ఇన్సూరెన్సు లేనిచో 2,000 రూపాయలు లేక మూడు నెలల వరకు ఖైదు, లైసెన్సు లేనిచో 5,000 రూపాయలు విధింపవచ్చును. రిజిస్ట్రేషను లేని బండిని పోలీసులు స్వాధీనము చేసికొనవచ్చును. వీటన్నిటికంటె తల్లిదండ్రులు గమనింపవలసినది మైనరు బాలుర సంగతి. ధ్రువపత్రము గల మినహాయింపు సైకిలుకు ఈ చట్టము వయఃపరిమితి విధింపలేదు. కాని పదునైదేండ్ల పిల్లవాడు 500 వాట్ల మోటారు బిగించిన సైకిలు మీద ట్యూషనుకు పోవునప్పుడు, వాడు లైసెన్సు లేక మోటారు వాహనము నడపుచున్న మైనరు. వాడు చేసిన అపరాధమునకు సంరక్షకుని మీద గాని, బండి యజమాని మీద గాని 25,000 రూపాయల జరిమానాయు మూడేండ్ల వరకు ఖైదును విధింప వీలు కల్పించు సెక్షను 199ఏ అచ్చట సిద్ధముగ నున్నది. కొడుకు కాళ్ల నొప్పి తగ్గింప దలచిన తండ్రి ఈ సంగతిని కల నైనను ఊహింపడు.

ఇంటిలో కూర్చిన బండిని చట్టము పట్టించుకొనదను భ్రమను సుప్రీంకోర్టు 2013లోనే తొలగించినది. రాజస్థాన్ మొదలగు ఉత్తరాది ప్రాంతములలో, నీళ్లు తోడు డీజిలు ఇంజనును ఇనుప చట్రమునకు బిగించి, చక్రములమర్చి, మనుషులను సరుకులను చేరవేయు జుగాడ్ అను బండ్లు తిరుగుచుండెడివి. రాజస్థాన్ రోడ్డు రవాణా సంస్థకు సంబంధించిన యొక వ్యాజ్యములో, జుగాడ్ మోటారు వాహనమే యనియు, చట్టములోని నిబంధనలను పాటింపక రోడ్డు మీద తిరుగరాదనియు న్యాయస్థానము తేల్చి చెప్పినది. ఎవరు తయారు చేసిరి, ఎంత పేదవారు వాడుచున్నారు అనునవి నిర్వచనములో లేవు. యంత్రముచే నడచుచున్నదా, రోడ్డుకు అనువుగ నున్నదా యన్నదే ప్రశ్న.

ఇక ఇన్సూరెన్సు మాట. మన దేశమున మోటారు బండికి థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి యైనది 1939 నాటి చట్టములోని యెనిమిదవ అధ్యాయము 1946 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినప్పటినుండి. ఆ బీమా యజమాని లాభము కొరకు పుట్టినది కాదు, బండి క్రింద పడినవాని కొరకు పుట్టినది. నేటి చట్టము సెక్షను 164 ప్రకారము, మోటారు వాహనము వలన మరణించినవాని కుటుంబమునకు 5 లక్షలు, తీవ్రముగ గాయపడినవానికి 2.5 లక్షల రూపాయలు, తప్పెవరిదని నిరూపింప నక్కరలేకయే, యజమాని గాని బీమా సంస్థ గాని చెల్లింపవలెను. ఇంతకు మించి కోరువారు మోటారు ప్రమాదముల క్లెయిముల ట్రిబ్యునలుకు, తాము నివసించు చోటనే దరఖాస్తు పెట్టుకొనవచ్చును. 2025లో ప్రకటింపబడిన నగదు రహిత చికిత్సా పథకము క్రింద మొదటి ఏడు దినముల వైద్యమునకు లక్షన్నర రూపాయల వరకు లభించును. ఈ యేర్పాట్లన్నిటికి ఆధారమొక్కటే: ప్రమాదము మోటారు వాహనము వలన కలిగియుండవలెను.

కనుక రెండు దృశ్యములను వేరువేరుగ ఆలోచింపుడు. మొదటిది, 750 వాట్ల కిట్టు బిగించిన సైకిలు సందు మలుపులో ఒక వృద్ధురాలిని పడవైచి తుంటి విరిచినది. అది మోటారు వాహనము. ఆమెకు ట్రిబ్యునలు కలదు, చట్టము కలదు, కాని బీమా సంస్థ లేదు. చెల్లింపవలసినవాడు నెలకు పదునైదు వేలు సంపాదించు కుఱ్ఱవాడు. తీర్పు ఆమె చేతికి వచ్చినను సొమ్ము వచ్చునని ఎవరును చెప్పలేరు. ఆ కుఱ్ఱవాని కుటుంబమైనను ఆ ఋణభారము క్రింద నలిగిపోవును. రెండవది, సక్రమముగ ధ్రువపరుపబడిన 250 వాట్ల సైకిలే ఆమెను పడవైచినది. అది మోటారు వాహనము కాదు; ట్రిబ్యునలు తలుపు ఆమెకు తెరువబడదు. సాధారణ సివిలు కోర్టులో, కోరిన పరిహారమును బట్టి రుసుము చెల్లించి, నడపినవాని నిర్లక్ష్యమును తానే రుజువు చేసికొనవలెను. మినహాయింపును వరమని పొగడువారు ఈ రెండవ దృశ్యమును మరువరాదని నా మనవి. అదే సైకిలును లారీ గ్రుద్దినచో సైకిలు నడపువానికి ట్రిబ్యునలు నుండి పరిహారము కోరు హక్కు కలదు, ఏలయన లారీ మోటారు వాహనము.

విదేశములలోని పద్ధతులను చూచుట ఇచ్చట అప్రస్తుతము కాదు, చదువుకై పోయిన మన తెలుగు పిల్లలు ఆ వీధులలో ఇట్టి సైకిళ్లనే నడపుచున్నారు కనుక. బ్రిటనులో 250 వాట్లకు మించక, గంటకు 15.5 మైళ్ల యొద్ద సాయము నిలుపు సైకిలును 14 ఏండ్లు నిండినవారు లైసెన్సు లేకయే త్రొక్కవచ్చును. ఆ గీత దాటినది మోటారు సైకిలు క్రింద లెక్క. బీమా లేక పట్టుబడినవానికి 300 పౌండ్ల జరిమానాతో పాటు లైసెన్సు మీద ఆరు పాయింట్లు పడును. అచ్చట పరీక్ష నెగ్గి రెండేండ్లు నిండనివానికి ఆ యారు పాయింట్లతోనే లైసెన్సు రద్దగును. అమెరికాలో విద్యుత్ సైకిలుకు 750 వాట్లు, 20 మైళ్లు అను కేంద్ర పరిమితి అమ్మకమునకు సంబంధించినది. రోడ్డు నియమములు రాష్ట్రమునకొక తీరు. కాలిఫోర్నియాలో పెట్రోలు ఇంజను గల సైకిలుకు ప్లేటును, నడపువానికి ఎం1 గాని ఎం2 గాని లైసెన్సును ఉండవలెను.

నా మనస్సునకు మిక్కిలి నచ్చినది జర్మనీ వారి మార్గము. గంటకు 45 కిలోమీటర్ల వరకు సాయము చేయు వేగపు సైకిలుకు, చిన్న మోపెడుకు అచ్చట మోటారు కార్లకు వలె రిజిస్ట్రేషను తతంగము లేదు. ఆమోదము పొందిన బండికి బీమా సంస్థయే ఒక చిన్న ప్లేటు నిచ్చును. మార్చి 1న ఆరంభమగు బీమా సంవత్సరమునకు ఆ ప్లేటు చెల్లును, ఏటేట దాని రంగు మారును, దూరము నుండి చూచిన పోలీసు సైతము బీమా కలదో లేదో గుర్తుపట్టును. మన యొద్ద మూడు కిలోవాట్ల వరకు గల విద్యుత్ ద్విచక్రములకు 2022లో నిర్ణయింపబడిన థర్డ్ పార్టీ ప్రీమియము ఏటికి 457 రూపాయలు. జిల్లా కేంద్రములోనే బ్రేకులు, వేగము, బరువు పరీక్షించి, అంతకంటె స్వల్పమైన ప్రీమియముతో ఇట్టి ప్లేటు నొకటి ఇచ్చు ఏర్పాటు చేసినచో, కిట్టు బిగించుకొన్నవాడు చట్టము లోపలికి వచ్చును, వృద్ధురాలికి ఆధారము దొరకును. ఈ మార్పునకు కావలసినది కేంద్ర నియమావళికి ఒక సవరణ.

అది వచ్చు వరకు కొనువారు చేయదగిన పనులు కొన్ని యున్నవి. కర్మాగారమున తయారైన విద్యుత్ సైకిలును కొనునప్పుడు పరీక్షాసంస్థ ఇచ్చిన ధ్రువపత్రపు ప్రతి నడుగవలెను. అందలి మోడలు పేరు బిల్లు మీది పేరుతో సరిపోవలెను. వేగపు కట్టడిని తీసివేయుదునని మెకానిక్కు చెప్పినచో ఒప్పుకొనరాదు, ఏలయన ఆ కట్టడి తొలగింపుతో బండి మోటారు వాహనముగ మారిపోవును, ధ్రువపత్రము వ్యర్థమగును. నడపువారు తమ శరీరమునకు వ్యక్తిగత ప్రమాద బీమా తీసికొనవచ్చును గాని, అది ఎదుటివానికి కలిగిన నష్టమును తీర్చదని తెలిసియుండవలెను. ఇదివరకే పెద్ద మోటారు బిగించినవారు దానిని విప్పించి మరల కాలితో త్రొక్కుటయో, ధ్రువపరుపబడిన సైకిలును కొనుటయో తప్ప నేటి నియమముల క్రింద వేరు దారి లేదు. చూపుతో 250 వాట్ల మోటారును 500 వాట్ల మోటారు నుండి వేరుపరచుట తనిఖీ అధికారికి కూడ కష్టమే కనుక, బిల్లును, ధ్రువపత్రమును ఫోనులో భద్రపరచుకొని, ఒక ప్రతిని సీటు క్రింది సంచిలో నుంచుకొనుట మంచిది.